జోకే కదా, లైట్ తీస్కో అంటే సరిపోతుందా?

ఈ ఎపిసోడ్ టాపిక్ మీ ఫోన్‌లోనే ఉంది. ఏ వాట్సాప్ గ్రూప్ ఓపెన్ చేసినా, రీల్స్ ఓ పది నిమిషాలు స్క్రోల్ చేసినా, ఒకరి రంగు మీదో, యాస మీదో, ముఖం మీదో, ఊరి మీదో ఒక జోక్ కనిపిస్తుంది. ఎవరైనా "ఇది బాలేదు రా" అంటే వెంటనే వచ్చే రిప్లై కూడా మీకు తెలుసు. "జోకే కదా బ్రో, లైట్ తీస్కో."

అది జోకే. నేను కాదనను. కానీ జోక్ అంటే ఏంటి, అది ఎలా పని చేస్తుంది, దాంట్లోంచి మన గురించి ఏం బయటపడుతుంది? ఈరోజు అది మాట్లాడుకుందాం.

ముందు మన హైదరాబాద్‌కి సంబంధించిన ఒక విషయంతో మొదలుపెడతాను. డారెన్ సామీ మీకు తెలుసు. వెస్టిండీస్ మాజీ కెప్టెన్, రెండు టీ20 ప్రపంచ కప్‌లు గెలిచినవాడు. 2013, 2014 ఐపీఎల్ సీజన్లలో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కి ఆడాడు. 2020 జూన్‌లో ఆయన ఒక విషయం బయటపెట్టాడు. ఆ టీంలో ఉన్నప్పుడు తననీ, శ్రీలంక ఆటగాడు తిసారా పెరీరానీ "కాలూ" అని పిలిచేవాళ్ళట. ఆయనకి హిందీ రాదు. బలమైన గుర్రం లాంటివాడు అని ఏదో మంచి అర్థం ఉంటుందిలే అనుకున్నాడట. ఆ మాట అన్న ప్రతిసారీ చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. టీం హ్యాపీగా ఉందంటే మంచిదే కదా అని ఈయన కూడా హ్యాపీగా ఉన్నాడు. ఆరేళ్ళ తర్వాత, హసన్ మిన్హాజ్ అనే అమెరికన్ కమెడియన్ మన సమాజంలో ఆ మాటకి ఉన్న అర్థం గురించి మాట్లాడితే విని, అప్పుడు తెలుసుకున్నాడు. "నల్లోడా" అని పిలిచారన్నమాట.

తర్వాత ఆ ఆటగాళ్ళలో ఒకరితో మాట్లాడానని, ప్రేమతోనే అలా పిలిచామని చెప్పారని, ఆ మాట తను నమ్ముతున్నానని సామీయే చెప్పాడు. కాబట్టి ఇక్కడ ఎవర్నీ బోనులో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ప్రేమతోనే అన్నారనుకుందాం. కానీ ఒక్క ప్రశ్న. అర్థం తెలియనంత కాలం ఆయన కూడా నవ్వుల్లో ఉన్నాడు. అర్థం తెలిసిన రోజు కోపం వచ్చింది. ఎవరి మీద జోక్ వేశారో వాళ్ళకి అర్థం కానంతవరకే బతికే జోక్‌ని ఏమనాలి?

జోక్ ఎలా రన్ అవుతుంది?

నేను బీటెక్ చేసి, కొన్నేళ్ళు కోడ్ రాసుకుని ఇటు వచ్చినవాడిని కాబట్టి, నాకు అర్థమైన భాషలో చెప్తాను. మీరు పది లైన్ల ప్రోగ్రాం రాస్తారు. కానీ ఆ పది లైన్లూ రన్ అవ్వాలంటే వెనకాల ఒక పెద్ద లైబ్రరీ ముందే ఇన్‌స్టాల్ అయి ఉండాలి. అది లేని సిస్టమ్‌లో అదే కోడ్ ఎర్రర్ కొడుతుంది.

జోక్ కూడా అంతే. జోక్ చాలా చిన్నగా ఉంటుంది. చిన్నగా ఉంటేనే పేలుతుంది. మిగతాది వినేవాడి బుర్రలో ముందే ఉండాలి. "ఒక సర్దార్జీ బ్యాంక్‌కి వెళ్ళాడు" అనగానే మీ ముఖం మీద చిరునవ్వు రెడీ అయిపోతుంది. ఇంకా ఏం జరగలేదు. మనిషి బ్యాంక్‌కి వెళ్ళాడు, అంతే. కానీ ఆ ఒక్క పదంతో "ఇతను తెలివితక్కువవాడు" అనే ఫైల్ ఓపెన్ అయిపోయింది. ఆ ఫైల్ ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అంటే మీరు చెప్పలేరు. బహుశా ఒక్క సర్దార్జీతో కూడా పది నిమిషాలు మాట్లాడి ఉండరు. అయినా ఫైల్ ఉంది.

ఇదే జోక్ జపాన్‌లో చెప్పి చూడండి. ఎవరూ నవ్వరు. "సర్దార్జీ అంటే ఎవరు? బ్యాంక్‌కి వెళ్తే తప్పేంటి?" అంటారు. వాళ్ళ దగ్గర ఆ లైబ్రరీ లేదు.

కాబట్టి నా మొదటి పాయింట్ ఇది. ఒక జాతి మీద, రంగు మీద, ప్రాంతం మీద వేసిన జోక్ ఎక్స్‌ప్లనేషన్ లేకుండా ఒక గదిలో పేలిందంటే, ఆ అభిప్రాయం ఆ గదిలో అందరి దగ్గరా ముందే ఉందని అర్థం. ఉన్నంత మాత్రాన అందరూ దాన్ని నమ్ముతున్నారని కాదు. కానీ అందరికీ తెలుసు. సర్వే చేసి "మీకు వివక్ష ఉందా" అని అడిగితే ఎవరూ ఉందని చెప్పరు. అదే జోక్ వేస్తే, గది మొత్తం ఒకేసారి ఒకే చోట నవ్వుతుంది. సమాజం అబద్ధం చెప్పలేని చోటు అది.

బొగ్గు పూసుకున్న ముఖం

ఇప్పుడు కొంచెం చరిత్రలోకి వెళ్దాం. 1830 ప్రాంతంలో, అమెరికాలో బానిసత్వం ఇంకా చట్టబద్ధంగా ఉన్న రోజుల్లో, థామస్ రైస్ అనే తెల్ల నటుడు ముఖానికి నల్లరంగు పూసుకుని, చిరిగిన బట్టలు వేసుకుని, స్టేజీ మీద ఒక నల్లజాతి మనిషిలా గెంతుతూ పాట పాడాడు. ఆ పాత్ర పేరు జిమ్ క్రో. సూపర్ హిట్. 1843 నాటికి న్యూయార్క్‌లో నలుగురు తెల్లవాళ్ళు కలిసి సాయంత్రమంతా ఇదే కామెడీతో నడిచే షో పెట్టారు. దాన్ని మిన్‌స్ట్రెల్ షో అంటారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు అమెరికాలో అతి పెద్ద ఎంటర్‌టైన్‌మెంట్ ఇదే. మన భాషలో చెప్పాలంటే పాన్ ఇండియా లెవెల్.

ఆ షోలలో నల్లజాతి మనిషి ఎలా ఉంటాడు? సోమరి. భయస్థుడు. ఇంగ్లీష్ సరిగ్గా రాదు. పాట, డాన్స్ ఉంటే చాలు, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. ఇక్కడ ఆగి ఆలోచించండి. అదే సమయంలో ఆ మనుషులు పొద్దున్నుంచి రాత్రి దాకా పత్తి చేలలో కొరడా కింద పని చేస్తున్నారు. వాళ్ళని సోమరులని చూపిస్తున్నది ఎవరు? వాళ్ళ చేత పని చేయించుకుంటున్న సమాజం. బాధలో ఉన్నవాడిని "ఎప్పుడూ నవ్వుతుంటాడు" అని చూపిస్తే, చూసేవాడికి ఇంటికెళ్ళి నిద్ర పడుతుంది. జోక్ ఇక్కడ చేస్తున్న పని అది. చూసేవాడి మనసులో గుచ్చుకుంటున్న ముల్లుని నవ్వుతో తీసేయడం.

ఇంకా ఘోరం ఏంటంటే, తర్వాతి రోజుల్లో నల్లజాతి కళాకారులకి స్టేజీ ఎక్కే అవకాశం వచ్చినా, వాళ్ళు కూడా ముఖానికి నల్లరంగు పూసుకోవాల్సి వచ్చింది. బర్ట్ విలియమ్స్ అని చాలా గొప్ప నటుడు. నల్లజాతి మనిషే. తన సొంత ముఖం మీద ఇంకో నల్ల ముఖం వేసుకుని జనాన్ని నవ్వించాడు. ఎందుకంటే టికెట్ కొన్నవాడికి కావాల్సింది మనిషి కాదు, ఆ బొమ్మ.

1877 తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకి వేరే బడి, వేరే రైలు పెట్టె, వేరే కుళాయి అని చట్టాలు వచ్చాయి. 1896లో ప్లెస్సీ కేసులో అమెరికా సుప్రీం కోర్టు కూడా దానికి ఓకే చెప్పింది. 1964, 1965లో పౌర హక్కుల చట్టాలు వచ్చేదాకా ఆ వ్యవస్థ నడిచింది. ఆ వ్యవస్థకి చరిత్రలో ఉన్న పేరేంటో తెలుసా? జిమ్ క్రో చట్టాలు. కామెడీ పాత్ర పేరే చట్టానికి పేరైపోయింది. జోక్ వల్లే చట్టం వచ్చిందని నేను అనట్లేదు. బానిసత్వం, పత్తి వ్యాపారం, ఓట్ల రాజకీయం, వీటి బలం వేరు. కానీ ఒక మనిషిని సమానుడిగా చూడకుండా ఉండటానికి జనం ముందే ప్రాక్టీస్ అయి ఉన్నారు. ఆ ప్రాక్టీస్ జరిగింది థియేటర్‌లో.

ఇదంతా ఎప్పటిదో అనుకోకండి. ఇంగ్లండ్‌లో బీబీసీ ఇలా నల్లరంగు పూసుకున్న గాయకుల షోని 1958లో మొదలుపెట్టి 1978 దాకా నడిపింది. ఆపమని 1967లోనే పిటిషన్ పెట్టారు. ఇంకో పదకొండేళ్ళు నడిచింది. మా ఫ్యామిలీ షో, ఇందులో తప్పేముంది అన్నట్టుగానే నడిపారు.

అపూ: కంప్యూటర్ సైన్స్ డాక్టరేట్, కిరాణా కొట్టు

ఇప్పుడు మన దాకా వద్దాం. ది సింప్సన్స్ అనే అమెరికన్ కార్టూన్ 1989 నుంచి వస్తోంది. అందులో 1990లో అపూ అనే ఇండియన్ పాత్ర వచ్చింది. పేరు సత్యజిత్ రాయ్ సినిమాల్లోని అపూ నుంచి తీసుకున్నదే. ఇంటిపేరు మాత్రం నోరు తిరగనిది. కథ ప్రకారం ఇతను కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేయడానికి అమెరికా వచ్చాడు. ఫ్రెండ్స్, కంప్యూటర్ సైన్స్! మనలో సగం మంది కథ. కానీ స్క్రీన్ మీద మనకి కనిపించేది కొట్లో కౌంటర్ వెనక నిలబడి, సాగదీసిన యాసలో "థాంక్యూ, కమ్ అగైన్" అనే మనిషి.

ఆ గొంతు ఇచ్చింది హాంక్ అజారియా అనే తెల్ల నటుడు. ఆ యాస ఎక్కడ్నుంచి తెచ్చాడు? 1968లో వచ్చిన ది పార్టీ అనే సినిమాలో బ్రిటిష్ నటుడు పీటర్ సెల్లర్స్ ముఖానికి గోధుమ రంగు పూసుకుని ఇండియన్‌గా వేశాడు. అజారియాకి దాని ప్రభావం ఉంది. అంటే మనిషిని చూసి కాపీ కొట్టింది కూడా కాదు, కాపీకి కాపీ.

దీని మీద 2017లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది, ది ప్రాబ్లం విత్ అపూ. తీసింది ఎవరో తెలుసా? హరి కొండబోలు. న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన స్టాండప్ కమెడియన్. పేరు చూస్తేనే తెలుస్తుంది కదా, వాళ్ళ అమ్మా నాన్నా మన ఆంధ్రా నుంచి వెళ్ళినవాళ్ళే. ఆయన సింప్సన్స్‌కి పెద్ద ఫ్యాన్ కూడా. ఆ షోని ద్వేషించి తీసిన సినిమా కాదది. ఆయన బాధ చాలా సింపుల్. చిన్నప్పుడు అమెరికా టీవీలో ఇండియన్ అంటే దాదాపు అపూ ఒక్కడే. స్కూల్లో పిల్లలు ఆ యాసతోనే వెక్కిరించేవాళ్ళు. అసలు ఈ గొంతు తన తండ్రిని వెక్కిరిస్తున్న ఒక తెల్లవాడిని ఇంకో తెల్లవాడు అనుకరిస్తున్నట్టు ఉంటుందని ఆయన ముందు నుంచే అనేవాడు.

దీనికి ఎదురువాదన కూడా ఉంది, అది కూడా వినాలి. అపూ మంచివాడు. కష్టపడతాడు. భార్యా పిల్లలు ఉన్నారు. ఆ షోలో అందరినీ వెక్కిరిస్తారు, హోమర్ అనే తెల్ల హీరో అందరికన్నా తెలివితక్కువవాడు. మరి అపూ ఒక్కడి గురించే గొడవ ఎందుకు?

జవాబు లెక్కల్లో ఉంది. హోమర్‌ని చూసి అమెరికాలో ఎవరూ "తెల్లవాళ్ళంతా ఇంతే" అనుకోరు. ఎందుకంటే ఛానల్ మారిస్తే తెల్ల డాక్టర్, తెల్ల లాయర్, తెల్ల ప్రెసిడెంట్ కనిపిస్తారు. శాంపిల్ పెద్దది. అపూ విషయంలో శాంపిల్ సైజ్ ఒకటి. ఒక్కడే ఉన్నప్పుడు వాడు మనిషిగా ఉండడు, మొత్తం జాతికి లోగో అయిపోతాడు.

తర్వాత ఏం జరిగింది? 2018లో షో వాళ్ళు ఒక ఎపిసోడ్‌లో, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పైపోతే ఏం చేస్తాం అన్నట్టుగా దులిపేసుకున్నారు. కానీ అజారియా దులిపేసుకోలేదు. పోయి చదివాడు, మాట్లాడాడు, విన్నాడు. 2020లో ఆ గొంతు ఇవ్వడం మానేశాడు. 2021లో ఒక పాడ్‌కాస్ట్‌లో క్షమాపణ చెప్పాడు. అక్కడ ఆయన చెప్పిన విషయం ఒకటి నాకు బాగా గుచ్చుకుంది. తన కొడుకు స్కూల్లో ఇండియన్ పిల్లలతో మాట్లాడితే, ఒక పదిహేడేళ్ళ అబ్బాయి సింప్సన్స్ ఒక్కసారి కూడా చూడలేదట. కానీ అపూ అంటే ఏంటో వాడికి తెలుసు. తిట్టుగా తెలుసు. చూశారా, షో చూడకపోయినా జోక్ వచ్చి తగిలింది.

థర్మామీటరా, ఏసీ రిమోటా?

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. జోక్ వల్ల వివక్ష పెరుగుతుందా, లేక ఉన్న వివక్షని జోక్ చూపిస్తుందా?

క్రిస్టీ డేవిస్ అని బ్రిటన్‌కి చెందిన సోషియాలజిస్ట్ ఉండేవారు. జీవితమంతా జోకుల మీద రీసెర్చ్ చేశారు. ఆయన ఒక ఇంట్రెస్టింగ్ విషయం పట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో తెలివితక్కువ జోకులు ఐరిష్ వాళ్ళ మీద ఉంటాయి. అమెరికాలో పోలిష్ వాళ్ళ మీద. ఫ్రాన్స్‌లో బెల్జియం వాళ్ళ మీద. మన దగ్గర సర్దార్జీల మీద. చాలాసార్లు జోక్ అదే, పేరు ఒక్కటే మారుతుంది. కాపీ పేస్ట్, ఫైండ్ అండ్ రీప్లేస్. ఒక్కసారి ఆలోచించండి, ఒకే జోక్ ఇన్ని జాతులకి సరిపోతుందంటే, అందులో ఆ జాతి గురించి నిజం ఎంత ఉన్నట్టు? సున్నా. చెప్పేవాళ్ళ గురించే ఉంది. మధ్యలో కూర్చున్నవాళ్ళు, అంచున ఉన్నవాళ్ళ మీద వేస్తారు.

డేవిస్ గారి వాదన ఏంటంటే, జోక్ థర్మామీటర్ లాంటిది, థర్మోస్టాట్ కాదు. జ్వరం ఎంతుందో చూపిస్తుంది, జ్వరం తెప్పించదు. థర్మామీటర్ పగలగొడితే జ్వరం తగ్గదు కదా.

ఇంకోవైపు థామస్ ఫోర్డ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్, ఆయన టీం ప్రయోగాలు చేశారు. 2008లో వచ్చిన ఒక స్టడీ ఆడవాళ్ళ మీద వేసే జోకుల గురించి. మగవాళ్ళకి కొందరికి అలాంటి జోకులు, కొందరికి మామూలు జోకులు ఇచ్చి, తర్వాత ఒక మహిళా సంస్థకి ఎంత విరాళం ఇస్తారో అడిగారు. ముందు నుంచే ఆడవాళ్ళంటే చులకన ఉన్నవాళ్ళు, ఆ జోకులు విన్న తర్వాత తక్కువ ఇస్తామన్నారు. చులకన లేనివాళ్ళ మీద జోక్ ఆ ప్రభావం చూపలేదు.

అంటే అర్థం అయిందా? మంచి మనిషిని జోక్ చెడగొట్టేయదు. కానీ లోపల ఆల్రెడీ ఉన్నవాడికి పర్మిషన్ ఇస్తుంది. మామూలుగా వాడు "నలుగురూ ఏమనుకుంటారో" అని ఆపుకుంటాడు. గదిలో అందరూ నవ్వారంటే, "ఓహో, ఇక్కడ ఇది నడుస్తుంది" అని తెలిసిపోతుంది. ఇంతకుముందు నోట్లోనే ఉన్నది ఇప్పుడు చేతుల్లోకి వస్తుంది. కాబట్టి నా లెక్కలో ఇద్దరూ కరెక్టే. జోక్ జ్వరాన్ని చూపిస్తుంది. అదే సమయంలో జ్వరం ఉన్నవాడికి దుప్పటి కూడా కప్పుతుంది.

డేవ్ షపెల్ అనే నల్లజాతి కమెడియన్ 2005లో కోట్ల డాలర్ల షోని మధ్యలో వదిలేసి వెళ్ళిపోయాడు. తర్వాత ఓప్రా విన్‌ఫ్రేతో కారణాలు చెప్తూ ఒక సంఘటన గుర్తు చేసుకున్నాడు. వివక్షని ఎగతాళి చేయడానికే, తనే ముఖానికి నల్లరంగు వేసుకుని ఒక స్కిట్ చేస్తున్నాడు. సెట్ మీద ఒక తెల్లవ్యక్తి నవ్వాడట. ఆ నవ్వు వేరేగా వినిపించింది. ఇతను నాతో నవ్వుతున్నాడా, నన్ను చూసి నవ్వుతున్నాడా? జోక్ రాసినవాడి ఉద్దేశం గొప్పదే. కానీ జోక్ వినేవాడి బుర్రలో రన్ అవుతుంది, రాసినవాడి బుర్రలో కాదు.

మరి మన సంగతి?

ఇప్పటిదాకా అమెరికా, ఇంగ్లండ్ అని తిరిగాం. చప్పట్లు కొట్టి వెళ్ళిపోవడం ఈజీ. ఇంటికి వద్దాం.

పీటర్ సెల్లర్స్ గోధుమ రంగు పూసుకున్న 1968లోనే, బొంబాయిలో పడోసన్ అనే హిందీ సినిమా వచ్చింది. అందులో మెహమూద్ సౌత్ ఇండియన్ సంగీతం మాస్టారుగా వేశాడు. నామాలు, పిలక, "అయ్యో" అనే యాస. పాట సూపర్ హిట్, ఇప్పటికీ వింటాం. దాని తర్వాత ఎన్నో ఏళ్ళు హిందీలో వింధ్యకి కింద ఉన్నవాళ్ళంతా "మద్రాసీ" అనే ఒకే మనిషి. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం తేడా లేదు. మనకి కోపం వచ్చేది. న్యాయమే.

మరి మనం? తెలుగు సినిమాలో దశాబ్దాల పాటు హీరో ఒక యాస మాట్లాడేవాడు. తెలంగాణ యాస రౌడీకో, కమెడియన్‌కో దక్కేది. శ్రీకాకుళం యాస ఇంట్లో పనివాళ్ళకి. ఇది జాతి వివక్ష కాదు, ఒప్పుకుంటా. కానీ మెషిన్ అదే. నోరు తెరవగానే నవ్వు రావాలంటే ఆ యాస తక్కువది అని ముందే ఇన్‌స్టాల్ అయి ఉండాలి. తెలంగాణ ఉద్యమంలో ఈ బాధ గట్టిగా వినిపించింది. ఆ తర్వాత మార్పు ఎలా వచ్చిందో చూడండి. 2017లో ఫిదా హీరోయిన్ అదే యాసలో మాట్లాడితే జనం ప్రేమించారు. 2023లో బలగం వచ్చింది. తీసింది వేణు యెల్దండి, కమెడియన్‌గా మనకి తెలిసిన మనిషి. సినిమా మొత్తం ఆ యాసే. ఊళ్ళల్లో తెర కట్టుకుని చూసి జనం ఏడ్చారు. యాస మారలేదు. ఆ యాసలో మాట్లాడే మనిషికి అమ్మా, నాన్నా, చావూ, పగా, ప్రేమా ఇచ్చారు. అంతే.

ఇక రంగు సంగతి. మన సినిమాల్లో, స్కిట్లలో నల్లగా ఉన్న అమ్మాయిని చూసి కమెడియన్ భయపడితే అది జోక్. "కరెంట్ పోతే కనపడవు" అంటే అది జోక్. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీం తన పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టుకుంది. మన కామెడీ ఇంకా ఆ పాత డబ్బానే వాడుతోంది. పెళ్ళి చూపుల్లో ఆ అమ్మాయి ఎన్ని సంబంధాలు రిజెక్ట్ అయ్యాక ఆ జోక్ విని నవ్వుతుందో మనకి తెలుసు.

నేను ఉద్యోగం చేస్తున్న రోజుల్లో మా టీంలో మణిపూర్ అబ్బాయి ఒకడు టెస్టింగ్‌లో ఉండేవాడు. టీం మొత్తానికి అతను "మోమో". అతను కూడా నవ్వేవాడు. ఒకరోజు టీ దగ్గర మామూలుగా చెప్పాడు. "భాయ్, అప్రైజల్ మీటింగ్‌లో మేనేజర్‌కి నా పేరు గుర్తు రాలేదు. మోమో అని రాయలేడు కదా ఫారంలో. ఎదురుగా కూర్చోబెట్టుకుని నా ఐడీ కార్డు చూసి రాసుకున్నాడు." అతను దాన్ని కంప్లైంట్‌లా చెప్పలేదు. జోక్‌లాగే చెప్పాడు. రెండేళ్ళు పక్కన కూర్చుని పనిచేసిన మనిషికి పేరు లేదు. నాలుగు నెలలకి వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు.

ఈ నవ్వు ప్రతిసారీ టీ దగ్గరే ఆగదు. 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్‌కి చెందిన ఒక విద్యార్థి జుట్టుని, రూపాన్ని చూసి ఒక షాపు దగ్గర వెక్కిరించారు. మాటామాటా పెరిగింది, కొట్టారు, మర్నాడు చనిపోయాడు. దాని తర్వాతే కేంద్రం ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ సమస్యల మీద బెజ్‌బారువా కమిటీ వేసింది. మొదలైంది మాత్రం ఒక వెక్కిరింతతో.

మనవాళ్ళ వైపు నుంచి కూడా చూడండి. 2017 ఫిబ్రవరిలో అమెరికాలో కాన్సస్‌లో మన తెలుగు ఇంజనీర్‌ని ఒక బార్‌లో కాల్చి చంపారు. చంపినవాడు తర్వాత తను ఇరానియన్లని కాల్చానని చెప్పాడు. దానికి ఏ జోకూ కారణం కాదు. కానీ ఒక్కటి గమనించండి. వాడికి ఎదురుగా ఉన్న మనిషి కనిపించలేదు. రంగు కనిపించింది. ఆ రంగుకి తన బుర్రలో ఉన్న బొమ్మ కనిపించింది. మనిషి బదులు బొమ్మని చూడటం, జోకుల్లో రోజూ అలవాటు చేసుకునేది కూడా అదే. ఈ రోజు సోషల్ మీడియాలో ఇండియన్స్ మీద, మన యాస మీద, మన వాసన మీద వచ్చే మీమ్స్ చూసి మన రక్తం మరుగుతుంది. మరగాలి. కానీ అదే ఫోన్‌లో, పక్క విండోలో, ఆఫ్రికా నుంచి హైదరాబాద్‌కి చదువుకోవడానికి వచ్చిన అబ్బాయి మీద మనం ఫార్వర్డ్ చేసిన మీమ్ ఉంటే?

అయితే నవ్వొద్దా?

నవ్వాలి. "నవ్వు నాలుగు విధాల చేటు" అనే సామెత ఉన్న భాషలోనే జంధ్యాల గారు కూడా ఉన్నారు. హరి కొండబోలు కూడా ఈ రంగు, జాతి విషయాల మీదే జోకులు వేసి బతికే మనిషి. జాతి గురించి జోక్ వేయొచ్చు. వివక్షని నవ్వులపాలు చేసే జోక్ వేరు, వివక్షకి గురైనవాడిని నవ్వులపాలు చేసే జోక్ వేరు.

చట్టం వచ్చి ఆపాలా? సర్దార్జీ జోకులు ఆపమని సుప్రీం కోర్టు దాకా వెళ్ళారు. పౌరులు ఎలా ప్రవర్తించాలో మేం గైడ్‌లైన్స్ ఇవ్వలేం అని 2017లో కోర్టు చెప్పింది. నాకైతే అది కరెక్టే అనిపిస్తుంది. ప్రతి జోక్‌కీ పోలీస్ స్టేషన్ అంటే, ముందు లోపలికి వెళ్ళేది బలవంతుడి మీద జోక్ వేసినవాడే. కాబట్టి ఈ పని మన చేతుల్లోనే ఉంది.

నేను మూడు ప్రశ్నలు వేసుకుంటా. ఒకటి, ఎవరి మీద జోక్ వేస్తున్నానో ఆ మనిషి గదిలోకి వస్తే ఇదే గొంతుతో పూర్తి చేయగలనా? రెండు, ఇందులో పేరు తీసేసి మా కులం పేరో, మా ఊరి పేరో పెడితే నాకు ఇంకా నవ్వు వస్తుందా? మూడు, ఇందులో నవ్వు తెప్పిస్తున్నది మనిషి చేసిన పనా, మనిషి పుట్టుకా? చేసిన పని మీద అయితే మంత్రిని, హీరోని, ఎవర్నైనా ఏకండి. పుట్టుక మీద అయితే, వాడు దాన్ని మార్చుకోలేడు, మీరు దానికోసం కష్టపడిందీ లేదు.

ఇక గ్రూప్‌లో ఎవరైనా ఇలాంటిది వేస్తే? లెక్చర్ ఇవ్వకండి. లెక్చర్ ఇస్తే మీరు బోర్, వాడు హీరో. చాలా మామూలుగా ఒక్క మాట టైప్ చేయండి. "అర్థం కాలేదు బ్రో, ఎక్స్‌ప్లెయిన్ చెయ్." అంతే. ఇప్పుడు వాడు ఆ లైబ్రరీ ఓపెన్ చేసి చూపించాలి. "అంటే... వాళ్ళు నల్లగా ఉంటారు కదా, అందుకని..." అని మొత్తం సెంటెన్స్ రాయాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు. డిలీట్ ఫర్ ఎవ్రీవన్ అయిపోతుంది. ఎందుకంటే నవ్వు లేకుండా ఆ మాట చదివితే, అది ఏంటో రాసినవాడికే తెలిసిపోతుంది.

ఈ వారం మీ గ్రూపుల్లో ట్రై చేసి చూడండి. ఏం జరిగిందో కామెంట్లలో రాయండి, పేర్లు మాత్రం వద్దు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.